దాణా తూచినట్లే మన తిండీ తూచుకుందాము
(హైదరాబాదు పాతబస్తీలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశమంటే పాల ధర, దాణా, గాలికుంటు టీకాలు, ఇవే మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈ రోజు పశువుల సంగతి కొంచెం పక్కన పెట్టి, పశువులను సాకే మనుషుల ఒంటి సంగతి చెప్పదలచుకున్నాము. పెరిగిన ఒళ్లు ప్రమాదం లేకుండా తగ్గించుకోవడం ఎట్లా అన్నదే మా విషయం.

పాలు, నెయ్యి అమ్ముకునే వాళ్ల ముందు ఈ మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. "ఒళ్లు వస్తున్నదని పాలు మానేశాము" అనే మాట మన వాడిక ఇళ్లలో వింటూనే ఉన్నాము. ఆ మాటలో నిజమెంతో మనకు తెలియకపోతే మనకే నష్టం. పైగా ఒళ్లు బరువెక్కడం కొనే వాళ్ల ఇళ్లలోనే కాదు, మన ఇళ్లలోనూ ఉన్నది.

లావు అని ఎప్పుడు అనుకోవాలి?

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీలలో 30 శాతం, పురుషులలో 32 శాతం ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశంలో సుమారు 10 కోట్ల మందికి చక్కెర వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తెలిపింది. ఈ రెంటికీ దగ్గర సంబంధమున్నది.

అద్దం చూసి నిర్ణయించుకోవద్దు. కిలోలలో మీ బరువును, మీటర్లలో మీ ఎత్తుతో రెండుసార్లు భాగించండి. వచ్చిన అంకె 23 దాటితే మన దేశస్థులకు బరువు ఎక్కువైనట్లే. 25 దాటితే స్థూలకాయమే. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 59 కిలోలు హద్దు, 64 దాటితే జాగ్రత్త పడాలి. టేపుతో నడుము కొలిచినా తెలుస్తుంది. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి బొజ్జ ఒక్కటే పెరిగినా అది కూడా ప్రమాదమే.

గొడ్లకు చూసే లెక్క మనకూ వర్తిస్తుంది

ఒంటి పోషణకు ఇంత, ఇచ్చే పాలకు ఇంత అని లెక్క చూసి మనము గేదెకు దాణా పెడతాము. రెండు లీటర్ల పాలకు కిలో దాణా అనే లెక్క మన వాళ్లందరికీ తెలిసినదే. వట్టిపోయిన గేదెకు పాడి గేదె దాణా ఎవరూ పెట్టరు. పెడితే దానికి కొవ్వు పడుతుంది, ఎదకు రాదు, చూలు నిలవదు.

మరి మన సంగతి? పాతికేళ్ల వయసులో బిందెలు మోసి, సైకిలు తొక్కి, గడ్డి కోసిన రోజులలో తిన్నంత అన్నమే, స్కూటరు మీద తిరిగే యాభయ్యవ ఏట కూడా తింటున్నాము. పని తగ్గింది, దాణా తగ్గలేదు. మిగిలిన శక్తి కొవ్వుగా మారి నడుము చుట్టూ చేరుతున్నది. ఇందులో రహస్యమేమీ లేదు.

ఏది తగ్గించాలి?

మూసీకి ఆవల తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో మన నగరానికి వచ్చింది. ఆ సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి అది చెప్పే లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పప్పు గాని గుడ్డు, మాంసం గాని 85, గింజలు 35, నూనె నెయ్యి కలిసి 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. బియ్యం, పప్పు వంటివి వండక ముందు తూచినవని గమనించండి.

మన పళ్లెంలో అన్నం కొండంత, కూర గోరంత. దీనిని తిరగవేయడమే మొదటి పని. పళ్లెంలో సగం కూరలకు, ఆకుకూరలకు కేటాయించండి. పావు భాగం పప్పుకు గాని గుడ్డుకు గాని, మిగిలిన పావు అన్నానికో రొట్టెకో ఇవ్వండి. జొన్న రొట్టె తింటే ఎంత తిన్నా ఒళ్లు రాదన్నది సరి కాదు. బియ్యానికీ జొన్నకూ కేలరీలలో పెద్ద తేడా లేదు. జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి తక్కువ తిన్నా కడుపు నిండుతుంది. దాని మేలు అంతవరకే.

రెండవది నూనె, నెయ్యి. ఏ నూనె అయినా, ఎంత మంచి నెయ్యి అయినా గ్రాముకు 9 కేలరీలు. పిండి పదార్థాలకూ మాంసకృత్తులకూ గ్రాముకు 4 మాత్రమే. సీసా నుండి నేరుగా బాణలిలోకి వంచకుండా చెంచాతో కొలిచి పోస్తే, నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

మూడవది చక్కెర. పాతబస్తీలో మాట కలిస్తే ఇరానీ చాయ్ కలవాలి. కప్పుకు రెండు చెంచాలంటే 10 గ్రాముల చక్కెర. రోజుకు ఐదు కప్పులు తాగితే 50 గ్రాములు, అంటే 200 కేలరీలు. పాలూ, ఉస్మానియా బిస్కెట్టూ ఇందులో కలపలేదు. చక్కెర 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. చాయ్ మానమని మేము చెప్పడం లేదు. రెండు కప్పులు చాలు, కప్పుకు ఒక చెంచా చాలు.

పండుగ నాటి హలీం, పెండ్లి నాటి బిర్యానీ, డబుల్ కా మీఠా మానడం ఎవరి తరమూ కాదు. హలీంలో గోధుమ, పప్పు, మాంసం, నెయ్యి అన్నీ ఉన్నాయి, అది పూర్తి భోజనమే. దానిని రాత్రి భోజనానికి బదులు తినండి, భోజనానికి ముందు కాదు.

పాలు మానాలా?

మానవలసిన పని లేదు. మన సంఘంలో పాలకు రెండు పరీక్షలు చేస్తారు, వెన్న శాతం ఒకటి, ఎస్.ఎన్.ఎఫ్. ఒకటి. ఒళ్లు తగ్గదలచిన వారు తగ్గించవలసినది వెన్నను మాత్రమే. మాంసకృత్తులు, కాల్షియం ఎస్.ఎన్.ఎఫ్.లో ఉంటాయి, అవి వెన్నతో పోవు.

లెక్క చూడండి. 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు తాగితే వెన్న నుండి వచ్చేవే 126 కేలరీలు. 3 శాతం ఉన్న టోన్డ్ పాలలో అవి 54. ఒకటిన్నర శాతం ఉన్న డబుల్ టోన్డ్ పాలలో 27. టోన్డ్ పాలు విదేశాల సరుకు కాదు. మన గేదె పాల చిక్కదనాన్ని చూసి, ఎక్కువ మందికి తక్కువ ధరకు పాలు అందించడానికి 1946లో బొంబాయిలో దారా ఖురోడీ ఆరంభించిన పద్ధతి అది.

ఇంటి పాలు వాడుకునే వారు కాచి చల్లార్చి మీగడ తీసి తోడు వేయండి. చిలికి వెన్న తీసిన మజ్జిగ ఎండాకాలంలో సీసా పానీయాల కంటే వేయి రెట్లు మేలు. తీసిన వెన్న వృథా కాదు, నెయ్యిగా అమ్ముడుపోతుంది. కాబట్టి వాడిక ఇంటివారు పాలు మానుతామంటే, "మానకండమ్మా, మీగడ తీసి వాడండి" అని ధైర్యంగా చెప్పండి. అది వ్యాపారం కోసం చెప్పే అబద్ధం కాదు.

పస్తులు వద్దు

కొందరు వారం రోజులు గంజితో, పండ్లరసంతో గడుపుతారు. నాలుగు కిలోలు తగ్గామని సంతోషిస్తారు. అందులో చాలా భాగం నీరు, కొంత కండ. మామూలు తిండి మొదలుపెట్టగానే పోయిన బరువు తిరిగి వస్తుంది. వారానికి అర కిలో తగ్గడం క్షేమకరమని పోషకాహార నిపుణులు చెబుతారు. ఎంత తగ్గించినా రోజుకు 1000 కేలరీలకు తక్కువ తినరాదు. రోజూ సుమారు 500 కేలరీలు తగ్గించుకుంటే ఆ అర కిలో లెక్క దాదాపు సరిపోతుంది.

ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా భక్తికి సంబంధించినవి. పగలంతా ఉండి సాయంత్రం సమోసాలూ మిర్చి భజ్జీలూ తింటే బరువు తగ్గదు, పెరుగుతుంది. ఖర్జూరం, నీళ్లు, పండ్లతో విరమించి, కొంచెం ఆగి మితంగా భోజనం చేయండి. చక్కెర వ్యాధికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఉపవాసానికి ముందే వైద్యుని అడగాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే రక్తంలో చక్కెర పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

సన్నబరుస్తామని అమ్మే పొడులూ కషాయాలూ కొనవద్దు. 2025లో మన దేశానికి వచ్చిన కొత్త రకం ఇంజెక్షన్లు కొందరికి పనిచేస్తాయి, కాని వాటిని వైద్యుని చీటీ మీద, వైద్యుని కనుసన్నలలోనే వాడాలి. బస్తీ దవాఖానాలో ముందు బి.పి., చక్కెర చూపించుకోండి.

ఇంట్లో అందరికీ ఒకే కొలత కాదు

ఇది మా ప్రసంగంలో ముఖ్యమైన మాట. ఒకే ఇంట్లో అమ్మకు బరువు ఎక్కువ, కూతురికి రక్తం తక్కువ కావచ్చు. పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. పెద్దలు ఒళ్లు తగ్గించుకుంటున్నారని పిల్లల గ్లాసులో పాలు తగ్గరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం చేయరాదు. ఎదిగే ఆడపిల్లకు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కడుపునిండా పెట్టాలి. పాలు అమ్ముకునే ఇంట్లో పిల్లలకు పాలు మిగలకపోతే ఆ లాభం లాభం కాదు.

నడక

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. చార్మినార్ నుండి నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వరకు నడిస్తే ఇరవై నిమిషాలు పడుతుంది. తెల్లవారుజామున పాలు పోసి వచ్చేటప్పుడు బజారు ఖాళీగానే ఉంటుంది. బయటికి వెళ్లే వీలులేని సోదరీమణులు మేడ మీద, పెరటిలో, పదేసి నిమిషాలు మూడుసార్లు నడిచినా సరిపోతుంది. నడక ఒక్కటే బరువు తగ్గించదు, కాని తగ్గిన బరువును నిలబెడుతుంది, చక్కెరను అదుపులో ఉంచుతుంది.

చివరగా ఒక మనవి. పాలకు తూకముంది, దాణాకు తూకముంది. ఈ నెల మీ బరువు, నడుము కొలత ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వారానికి ఒకసారి, ఒకే రోజున, పరగడుపున తూచుకోండి. మూడు నెలలలో నాలుగైదు కిలోలు తగ్గితే అదే గొప్ప. మోకాళ్లు తేలికపడతాయి, మందుల ఖర్చూ తగ్గవచ్చు. పశువును సాకవలసిన చేతులకు మరికొన్ని ఏళ్ల బలం మిగులుతుంది.