డిజిటల్ ట్విన్‌కి టేపు పట్టుకునేదెవరు?

దోహా నజ్మా నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఏసీ చప్పుడు వినబడితే ఏమీ అనుకోకండి, ఆపితే ఈ రూంలో కూర్చోలేను.

నేను చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. ఇక్కడ సైట్ సూపర్‌వైజర్ని. మొన్న బకాలా దగ్గర మన రాజోలు తమ్ముడొకడు పట్టుకున్నాడు. "అన్నా, వరల్డ్ కప్‌కి డిజిటల్ ట్విన్ వాడారంట కదా, అదేంటి? మన గోదావరి పుష్కరాలకి పనికొస్తుందా?" అని. నిలబడి చెప్పే సంగతి కాదురా, ఎపిసోడ్‌లో చెప్తానన్నాను. ఈ ప్రశ్న నాకు ఒట్టి టెక్నాలజీ ప్రశ్న కాదండి. 2015లో మా అమ్మ పుష్కరాలకి రాజమండ్రి వెళ్లింది. 2027లో మళ్లీ వెళ్తానంటోంది.

ముందు అసలు సంగతి. మనం సైట్లో చూసే డ్రాయింగ్ కాగితం మీద బొమ్మ. దాన్ని కంప్యూటర్లో గోడలు, మెట్లు, పైపులతో సహా నిలబెడితే త్రీడీ మోడల్. ఆ మోడల్‌కి నిజం బిల్డింగ్ నుంచి కెమెరాలు, గేటు దగ్గర టికెట్ స్కానర్లు, ఏసీ సెన్సర్లు నిమిషం నిమిషానికి కబురు పంపుతూ ఉంటే, అప్పుడది డిజిటల్ ట్విన్. కవల అన్నమాట. ఇక్కడ గేటు మూస్తే అక్కడా మూసినట్టు కనబడాలి.

సిమ్యులేషన్ అంటే ఆ కవలలోకి జనాన్ని వదలడం. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. కుర్రాడి నడక వేగం వేరు, ముసలాయనది వేరు, పిల్లని ఎత్తుకున్న తల్లిది వేరు. వదిలేసి అడుగుతాం: మూడో గేటు మూస్తే ఏమవుతుంది? రైలు పది నిమిషాలు ఆగిపోతే ఎక్కడ మూగుతారు? మనుషులకి దెబ్బ తగలకుండా తప్పులన్నీ ముందే చేసి చూసుకోవడం.

2022 వరల్డ్ కప్‌లో ఎనిమిది స్టేడియాలనీ అస్పైర్ జోన్‌లోని ఒకే కంట్రోల్ సెంటర్ నుంచి చూశారు. ఎనిమిదింటికీ డిజిటల్ ట్విన్లు, 15 వేలకు పైగా కెమెరాలు. డిసెంబర్ 18న లుసైల్‌లో ఫైనల్‌కి లోపల 88,966 మంది. అంతమందీ వచ్చింది, పోయింది, రోడ్ల మీదా మెట్రోలోనే.

సూక్ వాకిఫ్ మెట్రో గుర్తుందా? స్టేషన్ కళ్లెదురుగా కనబడుతుంటే బారికేడ్ల మధ్య చుట్టూ తిప్పి పంపేవారు. మనవాళ్లు ఎంత తిట్టుకున్నారో! ఆ తిప్పుడు ఊరికే కాదు. వచ్చేవాళ్లకి ఒక దారి, పోయేవాళ్లకి ఒక దారి. నడిచే దూరం పెంచితే జనం బారుగా సాగుతారు, మెట్ల దగ్గర ఒక్కసారి గుమిగూడరు. కాళ్లు నొప్పెడతాయి గానీ ప్రాణానికి ఢోకా ఉండదు.

ఇప్పుడు నా అనుభవం. అప్పట్లో ఒకచోట స్టేడియం బయట టెంపరరీ పనులు చూసేవాణ్ణి. బారికేడ్లు, కేబుల్ ర్యాంపులు, లైటు స్తంభాలు. డ్రాయింగ్‌లో ఒక గేటు వెడల్పు 6 మీటర్లు. సాయంత్రం నడుస్తుంటే దారి ఇరుకైనట్టు అనిపించింది. టేపు పెట్టాను. నాలుగున్నర! ఎవరో జనరేటర్ తెచ్చి పక్కన పెట్టి, దానికి కంచె కట్టారు. నా ఫోర్‌మన్ "ఒకటిన్నర మీటరే కదా భాయ్, వదిలెయ్" అన్నాడు.

లెక్క చూడండి. స్టేడియాలకి ఇంగ్లండ్ వాళ్ల గ్రీన్ గైడ్ అని ఓ పుస్తకం ఉంది. మీటరు వెడల్పున్న చదును దారిలో నిమిషానికి 82 మంది, మెట్ల మీదైతే 66 మంది పోగలరని లెక్క. 6 మీటర్లకి నిమిషానికి 492 మంది. నాలుగున్నరకి 369. పది నిమిషాల్లో 1,230 మంది గేటుకి ఇవతలే ఉండిపోతారు. వెనకవాళ్లకి ఆ సంగతి తెలియదు, వస్తూనే ఉంటారు.

ఫొటో తీసి, టేపు కనబడేలా ఇంకోటి తీసి, మోడల్ చూసే ఇంజినీరుకి పంపాను. ఆయన 6 తీసి నాలుగున్నర పెట్టి మళ్లీ నడిపించాడు. గేటు ముందంతా ఎర్రగా అయిపోయింది. తెల్లారేసరికి జనరేటర్ జరిపించారు. నా గొప్ప చెప్పుకోవడానికి కాదండీ ఇది. ఆ మోడల్ ఎన్ని కోట్లదైనా, అందులో గేటు 6 మీటర్లని రాసుంటే అది 6 మీటర్లనే నమ్ముతుంది. అబద్ధం చెప్తే అందంగా, రంగుల్లో అదే అబద్ధం చూపిస్తుంది.

ఇంకో మాట. స్టేడియంలోకి టికెట్ ఉన్నవాడే వస్తాడు. ఏ గేటు, ఏ సీటు, ఎన్నింటికి, అన్నీ ముందే తెలుసు. అదే ఊళ్లో అల్ బిద్దా పార్కులో ఫ్యాన్ ఫెస్టివల్ పెట్టారు. పట్టేది 40 వేలమంది. నవంబర్ 20 రాత్రి అంతకు మించి వచ్చేశారు. తోపులాట, పోలీసులు ఆపడం, చాలామంది బయటే ఉండిపోవడం. టికెట్ లేనిచోట లెక్క తప్పడం ఎంత తేలికో చూడండి.

మన పుష్కరాలు ఈ రెండో రకం. టికెట్ లేదు, గేటు నంబరు లేదు. పైగా అందరికీ అదే రోజు, అదే ముహూర్తం, అదే ఘాట్ కావాలి. 2015 జూలై 14, మొదటి రోజు పొద్దున. పుష్కర ఘాట్ గేటు దగ్గర లోపలికి వెళ్లేవాళ్లూ స్నానం చేసి వచ్చేవాళ్లూ ఎదురుపడ్డారు. 27 మంది పోయారు. నేనిక్కడ సైట్లో ఉన్నాను. టీవీలో చూసి ఫోన్ చేస్తే మూడు గంటలు కలవలేదు. అమ్మ వాళ్ల బస్సు ఆలస్యమై కోటిలింగాల ఘాట్‌కి వెళ్లిందట. ఆలస్యం కాకపోతే? ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అందుకని తమ్ముడికి నా జవాబు ఇది. పనికొస్తుంది. కానీ మూడు పనులు చేస్తేనే. ఒకటి, ఘాట్ కొలతలు పాత డ్రాయింగ్ నుంచి కాదు, కొబ్బరికాయల కొట్లు, వీఐపీ టెంట్లు, పందిళ్లు అన్నీ వేశాక, ముందురోజు రాత్రి టేపు పెట్టి తియ్యాలి. తడి మెట్లని తడి మెట్లుగానే లెక్కెయ్యాలి. రెండు, టికెట్ లేదు కాబట్టి జనం లెక్క రైల్వే స్టేషన్లో, బస్టాండ్లో, వచ్చే రోడ్ల మీద మొదలుపెట్టాలి. ఘాట్ దగ్గర లెక్కపెడితే అప్పటికే ఆలస్యం. మూడు, స్క్రీన్ మీద ఎర్రగా అయినప్పుడు ఎవర్నీ అడక్కుండా కిలోమీటరు ముందే జనాన్ని ఆపే అధికారం ఒక మనిషికి ఇవ్వాలి. ఎంత పెద్దవాళ్లు వచ్చినా సరే.

నమ్మకం లేకపోతే ఈ శుక్రవారం మీ క్యాంపులో చాక్‌పీస్‌తో నేల మీద మీటరుకి మీటరు గడి గియ్యండి. నలుగురు నిలబడండి, బాగానే ఉంటుంది. ఐదోవాడు వస్తే భుజాలు తగుల్తాయి. ఏడోవాడు వచ్చాక చెయ్యి పైకెత్తి చూడండి. అక్కడితో ఆపెయ్యండి, సరదాకి కూడా ఎక్కువ చెయ్యొద్దు. ఆ ఏడుగురి వెనక వెయ్యిమంది తోస్తుంటే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అమ్మకి మాత్రం చెప్పాను, మొదటి రోజు పొద్దున్నే వద్దు, నేను సెలవు పెట్టి వస్తాను, కలిసి వెళ్దాం అని. "నువ్వెందుకురా, గోదావరి నాకు కొత్తా?" అంది. కొత్త కాదమ్మా. గేటు ఎంత వెడల్పుందో చూడ్డానికి వస్తాను.

ఉంటానండి. వచ్చే శుక్రవారం కలుద్దాం.