జకాత్ ఇచ్చాక పన్ను దేనికి?



స్కాలర్‌షిప్పుల సంగతి, ఫిత్రా లెక్క కార్యదర్శి గారి నివేదికలో ఉండనే ఉన్నాయి కనుక, మనలో మనం చాటుగా అనుకునే ఒక మాట ఇవాళ బాహాటంగా మాట్లాడదలిచాము. రంజాన్ నెలలో చందాకు వెళ్ళినప్పుడల్లా మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. "ఏటా జకాత్ తీస్తూనే ఉన్నాం కదండీ, మళ్ళీ సర్కారుకు పన్ను దేనికి? పైగా ఉన్నవాళ్ళ మీద ఇంకా ఎక్కువ వెయ్యాలంటారేమిటి?"

జకాత్ వేరు, పన్ను వేరు. జకాత్ ఇబాదత్. అది ఏ ఎనిమిది రకాలవారికి చెందాలో తౌబా సూరాలోనే నిర్ణయమై ఉంది. ఆ సొమ్ముతో మసీదు కూడా కట్టకూడదని మన ఉలమాలు చెబుతారు, ఇక రోడ్డు మాట చెప్పాలా? మరి ఆ రోడ్డు మీద మన లారీలు తిరుగుతున్నాయి. సర్కారు ఆసుపత్రి క్యూలో మన బీదలే నిలబడుతున్నారు. ఆ ఖర్చుకు పన్ను తప్ప దారి లేదు.

అయితే ఎవరు కట్టాలన్న దగ్గర జకాత్ మనకు దారి చూపుతుంది. సుమారు 87 గ్రాముల బంగారమో, 612 గ్రాముల వెండో, అంత విలువైన సొమ్మో ఏడాదిపాటు ఉన్నవారే సాహెబె నిసాబ్. లేనివారిని పైసా అడగరు. 2017 జూలైలో వచ్చిన జి.యస్.టి. అలా కాదు. తోపుడు బండి మీద పండ్లమ్మే భాయి సబ్బు కొన్నా, మేడలో ఉండే సాహెబు గారు కొన్నా పన్ను ఒకటే. సాహెబు గారికి అది లెక్కలోకి రాదు, బండి భాయికి ఆ పూట కూరలో తెలుస్తుంది. కనుక కలవారి దగ్గర ఎక్కువ తీసుకోవడమే న్యాయమని మా అభిప్రాయం.

కాని ఒక మాట ఒప్పుకోవాలి. ఊరికే రేటు పెంచితే పని జరగదు. 1973-74లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జీతో కలిపి నూటికి 97.75 రూపాయల పన్ను ఉండేది. రూపాయికి రెండు పైసలు మిగులుతుంటే నిజం ఎవరు రాస్తారు? రెండో లెక్కల పుస్తకం తెరిచారు. మరుసటి ఏడే దాన్ని 77కు దించవలసి వచ్చింది. 1957లో వచ్చిన సంపద పన్ను సంగతీ అంతే. చివరి రోజుల్లో 30 లక్షలు దాటితే నూటికి ఒక రూపాయి. అదీ ఇళ్ళు, కార్లు, నగలు, పట్నం స్థలాల వంటి వాటి మీదే, షేర్ల జోలికి పోలేదు. 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లు. 2015 బడ్జెట్‌లో దాన్ని ఎత్తివేసి, కోటి దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జీ 2 శాతం పెంచారు. ఆస్తి పెరుగుతూ ఆదాయం చూపనివాడు దానికెలా అందుతాడు?

జకాత్ నూటికి రెండున్నరే, కాని పోగైన సొమ్ము మీద. దుకాణంలో సరుకు, బ్యాంకులో రొక్కం, బీరువాలో బంగారం అన్నీ లెక్కకు రావలసిందే. ఉంటున్న ఇంటిని మాత్రం వదిలేస్తుంది. సర్కారు కూడా పెద్ద ఆస్తుల మీద అలా చిన్న రేటు, తక్కువ మినహాయింపులతో పన్ను వేస్తే మేము సరే అంటాము.

ఇక మన ఇంటి సంగతి. చందా ఇచ్చి, పన్ను రాయితీ కోసం ఇచ్చినదానికంటే పెద్ద అంకెతో రసీదు రాయమన్నవారున్నారు. పేర్లు చెప్పము, వారూ మనవారే. "మీ చేతి నుంచి ఏం పోతుంది?" అంటారు. మేము ఒప్పుకోలేదని ఒకాయన చందా ఆపేశారు. ఆ ఏడు రెండు కుట్టు మిషన్లు తగ్గాయి. మాటిచ్చిన ఆ ఇద్దరు ఆడబిడ్డల ఎదుట నిలబడడం మాకు చాలా కష్టమైంది. అయినా ఈ ఏడు కూడా ఇచ్చిన సొమ్ముకే రసీదు. ఆ రెండు మిషన్లు ఇంకా బాకీ ఉన్నాయి. ఇవ్వదలచినవారు సభ కాగానే కోశాధికారి గారి బల్ల దగ్గరకు రండి. సెలవు.