సహచరికి ఒక పరిచయము

మనకు ప్రియమైన వస్తువును మనకు ప్రియమైన వ్యక్తికి చూపవలెనని కోరుకొనుట మానవ సహజము. సంగీత ప్రియుడు తనకు నచ్చిన విద్వాంసుని కచేరీకి భార్యను వెంటబెట్టుకొని పోతాడు. నవలలు చదివే ఇల్లాలు తాను ముగించిన పుస్తకమును భర్త దిండు ప్రక్కన పెడుతుంది. ఈ కోరికలో ఔదార్యము ఎంత ఉన్నదో, భయమూ అంతే ఉన్నది. ఎదుటివారు ఆవులించినచో ఆ ఆవులింత కచేరీకి కాక మనకే తగిలినట్లుంటుంది. ఆ వస్తువు 60 ఏండ్ల క్రిందట మొదలై వందలకొలది భాగములుగా పెరిగిన టెలివిజన్ ధారావాహిక అయినప్పుడు చిక్కు మరింత పెద్దది. బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ అట్టిది. దానిని ఎన్నడూ చూడని జీవిత భాగస్వామికి ఎట్లు పరిచయము చేయవలె నన్నదే ఈ ప్రసంగ విషయము.

కథ సంగ్రహముగా ఇది. ‘డాక్టరు’ అన్న పిలుపే గాని అసలు పేరు తెలియని బాటసారి ఒకడున్నాడు. అతడు మన భూలోకపు మనిషి కాడు. అతని వాహనము పైకి చూడగా, పోలీసులకు టెలిఫోను చేసేందుకు ఒకప్పుడు బ్రిటిషు వీధులలో నిలిపిన నీలిరంగు పెట్టె. తలుపు తీసి లోపల అడుగు పెడితే అది ఒక మహాభవనము. దానిపేరు ‘టార్డిస్’. అందులో అతడు భూతభవిష్యత్తులకు, గ్రహాంతరములకు పోయి వస్తూ ఉంటాడు. మరణము సమీపించినప్పుడు అతని శరీరము మారి, వేరు ముఖముతో, వేరు స్వభావముతో కొత్త జీవనము మొదలవుతుంది. ఈ కల్పన అవసరములో నుండి పుట్టినది. తొలి నటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణించినందున 1966లో ఆ పాత్రను పాట్రిక్ ట్రౌటన్‌కు అప్పగించవలసి వచ్చినది. ఆ ఉపాయమే ధారావాహికకు దీర్ఘాయువైనది.

తొలి భాగము 1963 నవంబరు 23, శనివారము సాయంకాలము ప్రసారమైనది. అంతకు ముందు దినమే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగినది. జనుల మనస్సు ఆ వార్త మీదనే ఉన్నందున, మరుసటి శనివారము రెండవ భాగమునకు ముందు మొదటిదానిని మరల ప్రసారము చేసినారు. నిర్మాత్రి వెరిటీ లాంబర్టుకు అప్పుడు 27 ఏండ్లు. తొలి కథకు దర్శకుడైన వారిస్ హుస్సేన్‌కు 24 ఏండ్లు. ఆయన లక్నోలో జన్మించినారు. ఆయన తల్లి అతియా హొసేన్ ఆంగ్లములో నవల రచించిన విదుషి, బి.బి.సి. ప్రాచ్య విభాగములో రేడియో ప్రసంగములు చేసినవారు.

ఆ తొలి కథలోనే పరిచయ కళకు సంబంధించిన పాఠమొకటి ఉన్నది. ఒక సైన్సు ఉపాధ్యాయుడు, ఒక చరిత్ర ఉపాధ్యాయిని తమ విద్యార్థిని వింత ప్రవర్తనకు కారణము తెలిసికొనవలెనని ఆమె వెంట పోయి, ఆ నీలిపెట్టెలో అడుగు పెడతారు. అక్కడ వారికి ఏమీ తెలియదు. వారు అడిగిన ప్రశ్నలే మన ప్రశ్నలు. వారికి దొరికిన సమాధానములే మనకు చాలును. కొన్ని ఏండ్లకొకమారు సహచరులు మారుతారు, కొత్తవారు వస్తారు, ప్రశ్నలు మరల మొదలవుతాయి. అనగా అజ్ఞానికి స్వాగతము చెప్పే ఏర్పాటు ఆ కథలోనే ఉన్నది. మన భాషలో భార్యకు ‘సహచరి’ అన్న మాట ఎట్లాగూ ఉన్నది. కాబట్టి ఆమెకు మనము ఉపన్యాసము ఇయ్యవలసిన పనిలేదు. తలుపు తీసి ప్రక్కకు తొలగితే చాలును.

అయితే ఏ తలుపు? చరిత్ర క్రమమును ప్రేమించేవారు 1963 నుండే మొదలు పెట్టవలె నంటారు. ఆ భక్తి గౌరవింపదగినదే గాని, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టమును ముందు పురావస్తుశాలకు తీసికొనిపోము గదా! ఇల్లు చూపి, మంచినీళ్లిచ్చి, భోజనము పెట్టి, ఆ తరువాత పురాతన విశేషములు చెబుతాము. ధారావాహిక 1989లో ఆగినది. మధ్యలో 1996లో ఒక టెలివిజన్ చిత్రము తప్ప, 2005 వరకు కొత్త భాగములు టెలివిజన్‌లో రాలేదు. ఆ ఏడు రచయిత రస్సెల్ టి. డేవిస్ దానిని పునఃప్రారంభించినారు. తొలి భాగము పేరు ‘రోజ్’. లండను దుకాణములో పనిచేసే సామాన్యమైన పిల్ల రోజ్ కన్నులతోనే అంతా చూపినారు. కొత్తవారికి ఇది నిష్కంటకమైన మార్గము. నిడివి మూడు పాతిక గంట. మాటలను తెరమీద అక్షరములలో చూపే సౌకర్యము ఉంటే వాడుకొనుట మంచిది. బ్రిటిషు వారి వేగవంతమైన ఉచ్చారణ మన చెవులకు అడ్డుపడదు.

ఇక ఎవరి అభిరుచి వారిది. భయానక రసము ఇష్టపడేవారికి 2007 నాటి ‘బ్లింక్’ తగినది. అందులోని రాతి దేవతలు మనము చూస్తున్నంతసేపు కదలరు. రెప్ప వాల్చితే మీదికి వస్తారు. డాక్టరు చాల కొద్దిసేపే కనబడుతాడు గనుక పూర్వకథ తెలియనవసరము లేదు. హాస్యప్రియులకు 1979 నాటి ‘సిటీ ఆఫ్ డెత్’ ఉన్నది. పారిసు వీధులలో నడిచే ఆ కథ రచనలో డగ్లస్ ఆడమ్స్ హస్తమున్నది. ధర్మసూక్ష్మములను చర్చించే ఇంటివారికి 1975 నాటి ‘జెనిసిస్ ఆఫ్ ది డాలెక్స్’. లోకకంటకమైన జాతిని పుట్టుకలోనే నిర్మూలించే అవకాశము చేతికి వచ్చినప్పుడు, ఆ హక్కు నాకున్నదా అని డాక్టరు తన్ను తాను ప్రశ్నించుకొంటాడు. చిత్రకళాభిమానులకు 2010 నాటి ‘విన్సెంట్ అండ్ ది డాక్టర్’. బ్రతికినన్నాళ్లు ఆదరణ ఎరుగని వాన్ గో అందులో మన కాలమునకు వచ్చి, పారిసు చిత్రశాలలో తన్ను గురించిన ప్రశంస చెవులారా వింటాడు. అయినను అతని అంతము మారదు. చేసిన మేలు దుఃఖమును తుడిచివేయలేకపోయినను వ్యర్థము కాదని ఆ కథ చెబుతుంది.

మా ఇంట జరిగిన ముచ్చట ఒకటి చెప్పుకొందుము. మాకు ఈ ధారావాహికతో స్నేహము విశ్వవిద్యాలయపు రోజులనాటిది. మా శ్రీమతి వైజ్ఞానిక కల్పనల జోలికి పోయిన మనిషి కాదు. ‘రోజ్’ మొదలై పది నిముషములు కాకమునుపే, “డాక్టరంటే సరేనండీ, ఇంతకూ ఎవరు ఇతను?” అన్నది. మేము పెదవి విప్పలేదు. ధారావాహిక పేరునకు అర్థమే ఆ ప్రశ్న. తొలిసారి చూసేవారి నోట అది తనంత తాను వచ్చినదంటే, కథ తన పని తాను చేసినదన్న మాట. మరి కొన్ని దినములకు, మేము భయభక్తులతో తలచే డాలెక్కును చూచి, “మన మిరియాల డబ్బీకి చక్రాలు పెట్టినట్లున్నదండీ!” అని ఆమె పకపక నవ్వినది. మనస్సు చివుక్కుమనలేదని చెప్పజాలము. కాని ఆ నవ్వులో నిజమున్నది. స్వల్పమైన ఖర్చుతో, రంగస్థలము మీది అట్టకోటల వలె కట్టిన లోకములవి. వాటిని నమ్మించినది నటుల శ్రద్ధ, రచయితల ఊహ. మనము అభ్యాసవశమున చూడ మరచిన సంగతిని కొత్త కన్ను చూడగలదు.

రేడియో శ్రోతలు ప్రత్యేకముగా ఎరుగవలసినది ఇందలి ధ్వని. రాన్ గ్రెయినర్ కూర్చిన శీర్షిక సంగీతమును బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాపులో డీలియా డెర్బిషైర్ రూపొందించినారు. రేడియో నాటకాదులకు వింత ధ్వనులు సమకూర్చుటకై 1958లో ఏర్పడిన శాఖ అది. వాద్యబృందము లేదు. మీటిన తీగె నాదమును, విద్యుత్ పరికరముల ధ్వనిని టేపు మీద ఎక్కించి, స్వరమునకొక ముక్కగా కత్తిరించి అతికించినారు. ఆమె పేరు తెరమీద కనబడినది 50 ఏండ్ల తరువాత, 2013లో. టార్డిస్ బయలుదేరేటప్పటి చప్పుడు బ్రయన్ హాడ్జ్‌సన్ సృష్టి. తన తల్లి ఇంటి తాళపుచెవితో పాత పియానో తీగెను గీకి పుట్టించినది. 1960 దశకపు భాగములు తొంభైకి పైగా నేడు దృశ్యరూపమున లేవు. ఖరీదైన టేపులను చెరిపి మరల వాడుకొనే కాలమది. కాని ఆ భాగములన్నిటి శబ్దము మిగిలినది. ప్రేక్షకులు తమ ఇండ్లలో టెలివిజన్ ఎదుట రికార్డరు పెట్టుకొని, తమ సంతోషము కోసము పట్టుకొన్న శబ్దమే అది. సంస్థ పోగొట్టుకొన్నదానిని అభిమానము కాపాడినది. దీపము తగ్గించి ఒక రాత్రి ఇద్దరూ కూర్చుండి అట్టి భాగమొకటి వినదగును.

మన దేశమునకు సంబంధించిన కథ కూడా ఒకటి ఉన్నది. వినయ్ పటేల్ వ్రాసిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’ 2018 నవంబరులో ప్రసారమైనది. డాక్టరు అప్పటికి స్త్రీరూపము ధరించినది. సహచరి యాస్మిన్ తన అమ్మమ్మ యౌవనమును చూడగోరగా, వారు 1947 ఆగస్టులో పంజాబుకు పోతారు. అక్కడ ఒక హిందూ యువకునికి, ముస్లిము యువతికి వివాహము. సరిహద్దు గీత వారి పొలము మీదుగానే పోతున్నది. రాక్షసులని మనము శంకించిన గ్రహాంతరవాసులు, దిక్కులేక మరణించేవారికి సాక్షులుగా నిలిచి స్మరించుటకు వచ్చినవారు. హత్య చేసినది పొరుగు మనుష్యులే. విభజన గాథలు పెద్దల నోట విన్నవారికి ఈ కథ పరదేశపు వినోదముగా తోచదు.

చివరగా ఒకటి రెండు మాటలు. చూపేటప్పుడు తెరను చూడవలె గాని, ప్రక్కవారి ముఖమును కాదు. “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు” అని హెచ్చరించరాదు. పాతకథలు పాతిక నిముషముల భాగములుగా వారమునకొకటి వచ్చినవి. అట్లే కొద్దికొద్దిగా చూచుట మేలు. రెండు మూడు కథలు చూచిన పిమ్మట కూడ “నాకు పట్టలేదండీ” అన్నచో ఆ తీర్పును సంతోషముగా స్వీకరించవలె. దాంపత్యములో ఇష్టములన్నియు ఉమ్మడి ఆస్తి కానవసరము లేదు. ఒకరి ఇష్టము ఏమిటో రెండవవారు ఎరిగి, దానికి ఇంట కొంత చోటు విడిచినను చాలును. డాక్టరు తన సహచరులను బలవంతముగా వెంటబెట్టుకొని పోయినది తక్కువ. సాధారణముగా అతడు తలుపు తెరచి, వస్తారా అని అడుగుతాడు. వచ్చినవారికి లోకములు చూపుతాడు. రాలేమన్నవారిని వారి ఇంటి ముంగిట సగౌరవముగా దింపుతాడు.