ఏడు ఇండ్లు – ఒక విద్యార్థి



కార్తిక మాసమున కోటప్పకొండ మెట్లెక్కి, త్రికోటేశ్వరుని సేవించి, నరసరావుపేటకు దిగివచ్చి ఇచ్చట కూర్చున్న మీ అందరకును నా నమస్సులు. ఆ కొండపై స్వామి దక్షిణామూర్తి స్వరూపుడై వెలసినాడని పెద్దలు చెప్పుదురు. అందువలననే ఆ క్షేత్రమున స్వామికి కల్యాణోత్సవము జరుగదు. దక్షిణామూర్తి యనగా ఎవరు? మఱ్ఱిచెట్టు నీడను కూర్చుండి, నోరు విప్పకయే శిష్యుల సంశయములను తీర్చిన గురువు. అనగా మన పల్నాటి సీమ కొలుచు దేవుడు ముందుగా విద్యాదాత. అట్టి స్వామి పాదముల చెంత నివసించు మనము, మన ఊరి బిడ్డల చదువునకు ఏమి చేయుచున్నామో ఈ సాయంకాలము ఆలోచింతము.

పూర్వము మన ఊళ్ళలో 'వారములు' అను ఆచారము ఉండెడిది. పొరుగూరి నుండి చదువు కొరకు వచ్చిన పేద పిల్లవానికి సోమవారము ఒక ఇంట భోజనము, మంగళవారము మరియొక ఇంట భోజనము. ఇట్లు ఏడు ఇండ్లు కలసి ఒక విద్యార్థిని పోషించెడివి. వారమునకొక విస్తరి ఏ ఇల్లాలికిని భారము కాలేదు. ఆ ఏడు విస్తళ్ళతో ఒక బ్రతుకు నిలిచెడిది. 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైన టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యము చూడుడు. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను సాకినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అను ఉపాధ్యాయుడు ఆ బాలుని చేరదీసి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించినాడు. ఒక తల్లి వండిన అన్నము, ఒక గురువు చాచిన చేయి – ఈ రెండును లేకున్న ఆ మహనీయుడు మనకు దక్కెడివాడా?

అయితే వారముల ఆచారమున ఒక లోపము కలదని ఒప్పుకొనవలెను. ఆ విస్తరి చాలవరకు తమ కులపు పిల్లవానికే పడెడిది. ఆ లోపమును దిద్దు పాఠము మనకు ఎక్కడనో వెదుక నక్కరలేదు. మన మాచర్లలోనే కలదు. పన్నెండవ శతాబ్దమున పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులముల వారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినాడు. మాల కులమున పుట్టిన కన్నమదాసును కన్నకొడుకువలె ఆదరించి సేనానాయకుని చేసినాడు. నేటికిని కారెంపూడి వీరుల తిరునాళ్ళలో చాపకూడు జరుగుచున్నది. ఆ ఒక్కరోజు కలసి కుడిచి, మరునాడు చందా వ్రాయునపుడు "ఆ పిల్లవాడు ఎవరివాడు?" అని అడిగినచో ఆ చాపకు అర్థమేమి?

ఇక దానమన నెట్లుండవలెను? గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు దానమును మూడు విధములుగా విభజించినాడు. తగిన చోట, తగిన కాలమున, తగినవానికి, తిరిగి ఏమియు కోరక ఇచ్చునది సాత్త్వికము. పేరు కొరకు, ఫలము కొరకు ఇచ్చునది రాజసము. అవమానించి ఇచ్చునది తామసము. కఠోపనిషత్తు కథ మీరెరిగినదే. వాజశ్రవసుడు పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానమిచ్చుచుండగా, చూచి సహింపలేక ప్రశ్నించినవాడు ఎవరు? బాలుడైన నచికేతుడు. మనము చిరిగిన పుస్తకములను, చినిగిన బట్టలను మూటగట్టి "పిల్లలకు దానమిచ్చితిమి" అనుకొన్నపుడు, మన ఇంటి నచికేతుడు కూడ మనలను చూచుచునే యుండును.

"ప్రభుత్వమే అన్నము పెట్టుచున్నది గదా, మనమెందుకు?" అని కొందరందురు. నిజమే. 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞ వెలువడిన తరువాత, 2003 నుండి మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనము వేడిగా వండి పెట్టుచున్నారు. లంకల గన్నవరమున వచ్చినవారికి లేదనక అన్నము పెట్టి 1909లో పరమపదించిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఆ పథకమునకు ఉంచినారు. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును దానిని విస్తరించినారు. సంతోషము. కాని మధ్యాహ్నము తరువాత సాయంకాలము వచ్చును గదా! పదవ తరగతి పిల్లలు పరీక్షల ముందు ప్రత్యేక తరగతులకై చీకటి పడువరకు బడిలోనే యుందురు. మధ్యాహ్నము తిన్న అన్నము అప్పటికి అరిగిపోవును. బొల్లాపల్లి, వెల్దుర్తి తండాలలో పత్తితీతకు, మిరపకోతకు తల్లిదండ్రులు వలసపోయినచో పిల్లవాడు బడి మాని వెంట పోవును, లేదా ముసలి అవ్వ వద్ద మిగిలిపోవును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించినవారికి రక్తహీనత కలదని తేలినది. రక్తము లేని బిడ్డకు పాఠమెట్లు తలకెక్కును? ప్రభుత్వపు చేయి చేరని ఈ సందులను పూరించుటయే మన పని.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకొందును. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున పుస్తకముల పంపిణీ సభ జరిగినది. వేదికపై కూర్చున్న పెద్దలలో నేనును ఒకడను. "నిరుపేద విద్యార్థి" అని మైకులో పేరు పిలుచుట, దండలు వేసికొన్న మేము పుస్తకములు అందించుట, ఫోటో తీయుట. ఒక బాలుడు ఎంత పిలిచినను రాలేదు. సభ ముగిసిన పిదప వాని ఇంటికి పోతిని. వాడు తలవంచుకొని, "పుస్తకాలు కావాలండి, కాని నా పేరు మైకులో చెప్పకండి" అన్నాడు. తల్లి కొంగు నోట అడ్డుపెట్టుకొని నిలువబడినది. ఆనాడు నేను చేసినది ఏ దానము? గీతలో దానికి పేరున్నది, నాకు నిద్రపట్టలేదు. కొండపై స్వామి మాటలాడక విద్య నిచ్చినాడు. ఒక్క పుస్తకము నిచ్చుటకు మాకు మైకు కావలసి వచ్చినది!

కావున నా విన్నపము చిన్నది. శివరాత్రికి మన పల్లెలు ఇంటింట చందా లెత్తి 90 అడుగుల ప్రభలను కట్టి కొండకు నడిపించుచున్నవి. ఇంత కూడబలుక్కొను శక్తి గల సీమకు ఒక బిడ్డను నిలబెట్టుట కష్టమా? ప్రభ మానవలదు, ప్రభ ప్రక్కన ఇంకొక చిట్టా తెరువుడు. ప్రతి ఊర ఏడు ఇండ్లు కలసి ఒక విద్యార్థి భారమును వహింపుడు. ఆ ఏడు ఇండ్లు ఒకే కులమువి కాకుండునట్లు చూచుకొనుడు. సాయంకాలపు రాగిజావ, వేరుసెనగ బెల్లపు ఉండలు, బస్సు ఛార్జీ, పరీక్ష రుసుము – ఏది కావలెనో బడి ప్రధానోపాధ్యాయులనే అడుగుడు. సొమ్ము వారి ద్వారా, లెక్క వ్రాసి, అందజేయుడు. ఎవరు ఇచ్చినారో బిడ్డకు తెలియనక్కర లేదు. ఎవరు పుచ్చుకొన్నారో ఊరికి తెలియనక్కర లేదు.

దేవుని సొమ్ము చదువునకు చేరుట క్రొత్త కాదు. తిరుమల తిరుపతి దేవస్థానము 1945లోనే శ్రీ వేంకటేశ్వర కళాశాలను నెలకొల్పినది. 1985లో తిరుమలపై నిత్యాన్నదానము ప్రారంభించినది. అన్నమును నిందింపరాదని, అన్నమును సమృద్ధిగా పెంపొందింపవలెనని, ఇంటికి వచ్చినవానిని త్రోసిపుచ్చరాదని తైత్తిరీయోపనిషత్తు బోధించినది. అన్నదానము ఒక పూట ఆకలిని తీర్చును. విద్యాదానము ఆ బిడ్డ రేపు మరియొకరికి అన్నము పెట్టునట్లు చేయును. ఈ రెండును కలసిన చోటనే దక్షిణామూర్తి కూర్చుండును.

ఇంటికి పోయిన పిమ్మట ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నపుడు, మన వీధిలో పుస్తకము ముందు ఆకలితో కూర్చున్న బిడ్డ ఎవరో ఒక్కసారి తలంపుడు. పేరు తోచినచో రేపు ఉదయము మిగిలిన ఆరు ఇండ్ల తలుపు తట్టుడు.

స్వస్తి.