కన్నీళ్ల మధ్య కాగితాల పని



ఆసుపత్రిలో కూర్చొని చావు గురించి మాట్లాడటం కొందరికి అపశకునంలా అనిపించవచ్చు. కానీ రికార్డుల విభాగంలో పనిచేస్తూ నేను చూసిన కష్టం మీ ఇంటికి రాకూడదనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

ఒకరోజు ఒక సోదరి మా గదికి వచ్చింది. భర్త చనిపోయి అప్పటికి ఏడు నెలలు. ఆయనను చేర్చిన రాత్రి కంగారులో బంధువు ఒకాయన ఇంట్లో పిలుచుకొనే ‘చంటి’ అనే పేరే రాయించాడు. మరణ ధ్రువపత్రంలోనూ అదే పేరు వచ్చింది. ఆధార్ కార్డులో, బ్యాంకు పాస్‌బుక్‌లో మాత్రం సత్యనారాయణ. “ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి?” అని బ్యాంకువారు అడిగారు. పాస్‌బుక్ చూస్తే మే నెలలో 436 రూపాయలు మినహాయించినట్టు ఉంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. కుటుంబానికి 2 లక్షల రూపాయలు రావాలి. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. కూతురి ఫీజు కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది.

అందుకే మొదటి మాట. రోగిని చేర్చేటప్పుడు ఆధార్‌లో ఉన్న పేరునే, ఉన్నది ఉన్నట్టు రాయించండి. పొరపాటు జరిగితే రిజిస్ట్రారు సరిచేస్తారు, కానీ దానికి రుజువులు కావాలి, తిరగాలి.

రెండో మాట. 1969 నాటి చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆసుపత్రిలో మరణిస్తే ఆసుపత్రివారే తెలియజేస్తారు. ఇంట్లో మరణిస్తే మీరే పంచాయతీలో గాని, మున్సిపాలిటీలో గాని చెప్పాలి. సొంత ఊరు ఏదైనా, మరణం జరిగిన చోటే నమోదు చేయించాలి. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

మూడో మాట బ్యాంకు గురించి. పిన్ నెంబరు తెలుసు కదా అని చనిపోయినవారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. అది తప్పు, తర్వాత అన్నదమ్ముల మధ్య తగాదాలకూ దారితీస్తుంది. మరణ ధ్రువపత్రంతో బ్యాంకుకు వెళ్లండి. నామినీ ఉంటే పని సులువు. అయితే నామినీ డబ్బు అందుకొనేవాడే గాని, మిగతా వారసుల హక్కు పోదు. నామినీ లేకపోతే తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటివి అడుగుతారు. కాగితాలన్నీ సరిగా ఇచ్చాక 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన.

నాలుగో మాట. పాస్‌బుక్‌లో ప్రతి వరుసా చదివించుకోండి. 436 కనిపిస్తే జీవన్ జ్యోతి. 20 రూపాయలు కనిపిస్తే సురక్షా బీమా కావచ్చు. అది ప్రమాద మరణానికి వర్తిస్తుంది, కాబట్టి ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక భద్రపరచండి. కంపెనీలో పనిచేసినవారైతే పి.ఎఫ్.తోపాటు కుటుంబ పింఛను, బీమా కూడా ఉన్నాయేమో అడగండి. పదేళ్లు ఎవరూ తాకని ఖాతాలోని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. అప్పుడు కూడా వారసులు అడిగి తీసుకోవచ్చు.

ఇవన్నీ చేసే మనిషి దుఃఖంలో ఉంటాడు. నిద్ర ఉండదు, విన్నమాట గుర్తుండదు. అది సహజం. అందుకే ఒంటరిగా వెళ్లకండి. చదువు వచ్చిన నమ్మకస్తుణ్ణి వెంట తీసుకెళ్లండి. ఖాళీ కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయకండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకొని జిరాక్సు కాపీలు ఇవ్వండి. వేళకు తినండి. మీరు వాడుతున్న బీపీ, షుగరు మాత్రలు మానకండి.

చివరికి ఆ సోదరికి బీమా డబ్బు అందింది. అందులో కొంత వడ్డీకే పోయింది.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే పాస్‌బుక్ తీసి నామినీ పేరు ఉందో లేదో చూడండి. ఖాతాలు, పాలసీలు, అప్పులు ఒక నోటుపుస్తకంలో రాసి ఇంట్లోవారికి చూపించండి. బతికుండగా చేసే పది నిమిషాల పని, రేపు మనవాళ్లకు నెలల తిప్పలు తప్పిస్తుంది.

సెలవు.