ఒళ్ళో పాప, డిక్కీలో కారు సీటు

మళ్ళీ అమృతలూరు నుంచే. వెనకాల కోడి అరుపు వినిపిస్తే ఏమీ అనుకోకండి, దానికీ నాకూ మైకు ఒక్కటే.

పోయిన ఎపిసోడ్ వీసా గురించి కదా. దాని కింద ఒక కామెంట్ వచ్చింది. "బ్రో, మా ఆవిడా నేనూ ఎనిమిది నెలల పాపతో మొదటిసారి డాలస్ వెళ్తున్నాం. కారు సీటు ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా? ఒళ్ళో పెట్టుకుంటే చాలదా అని మా అమ్మ అంటోంది." చదివి నవ్వుకున్నా. ఎందుకంటే మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అంది, అదీ అమెరికా హాస్పిటల్లో నిలబడి.

2022లో మా అక్క డెలివరీకి అమ్మ టెక్సాస్ వెళ్ళింది. డిశ్చార్జ్ రోజు నర్సు వచ్చి మొదట అడిగింది బిల్లు కాదు, కారు సీటు. చాలా హాస్పిటళ్ళలో సీటు చూపించందే బిడ్డను బయటికి పంపరు. అమ్మ నాకు ఫోన్ చేసి ఒకటే గోల. "ఒరేయ్, రెండు రోజుల పసిగుడ్డురా! పొత్తిగుడ్డల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటానంటే కుదరదంట. దాన్ని తీసుకెళ్ళి ఆ డొప్పలో పడేసి బెల్టులు బిగించారు. మీ బావైతే కిక్కురుమనలేదు." బావ ఎందుకంటాడు చెప్పండి, ఆయన వారం ముందు నుంచే యూట్యూబ్‌లో ఆ సీటు ఎలా బిగించాలో చూస్తున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇది ఎప్పుడూ ఎక్కడా చెప్పలేదు, కొంచెం సిగ్గుగానే ఉంది.

2023 సంక్రాంతికి అక్క పాపను తీసుకుని వచ్చింది. పది నెలల పిల్ల, తొమ్మిది కిలోలు. నేను కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్ళా. అక్క అమెరికా నుంచి కారు సీటు మోసుకొచ్చింది. తీరా బిగిద్దామని చూస్తే వెనక సీట్లో బెల్టు పెట్టే బకిల్ లేదు. అంటే ఉంది, సీటు కవర్ కింద ఉంది. డ్రైవర్ అన్న చాలా మామూలుగా చెప్పాడు, "వెనక ఎవరు పెట్టుకుంటారు సార్, కూర్చున్నోళ్ళకి గుచ్చుకుంటాయని కవర్ కుట్టించేటప్పుడు లోపలికి తోసేశాం." మీ ఇంట్లో కారుంటే ఇప్పుడే వెళ్ళి వెనక సీటు చూడండి, నేను ఆగుతా. మన దగ్గర సగం కార్లు ఇంతే.

పాప ఏడుస్తోంది, అక్కకి జెట్‌లాగ్, వెనకాల కార్లు హారన్లు కొడుతున్నాయి. "ఏం కాదులే అక్కా, నేను పట్టుకుంటా" అన్నది నేనే. సీటు డిక్కీలోకి, పాప నా ఒళ్ళోకి.

మూడొందల కిలోమీటర్ల పైన హాయిగా వచ్చేశాం. తెనాలి కూడా దాటాం. చీకటి పడింది. ఇటు కాలవ గట్టు రోడ్లు మీకు తెలుసు కదా, సంక్రాంతి ముందు వరిగడ్డి ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, వెనక లైటు ఉండదు. అలాంటి ట్రాక్టర్ ఒకటి ఎదురుగా ఆగి ఉంది. డ్రైవర్ అన్న గట్టిగా బ్రేక్ కొట్టాడు. నేను అప్పుడు కునుకు తీస్తున్నా. పాప నా చేతుల్లోంచి జారిపోయి ముందు సీటు వెనక భాగానికి కొట్టుకుంది. నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. దేవుడి దయ, అంతకుమించి ఏం కాలేదు. తెనాలి వెనక్కెళ్ళి డాక్టర్‌కి చూపించాకే ఇంటికొచ్చాం.

అక్క దారంతా ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక వరండాలో కూర్చుని అంది, "అక్కడ పార్కింగ్ లాట్‌లో పది అడుగులు కూడా సీటు లేకుండా కదపనురా దీన్ని. ఇక్కడికొచ్చేసరికి నాకేమైంది?" నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశా. బీటెక్ ఇందుకైనా పనికొచ్చింది. చూడండి, కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంది అనుకుందాం. అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. దేన్నో గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయింది. అప్పుడు లోపల ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకి 14 రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. తొమ్మిది కిలోల పాప 126 కిలోలు అవుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదు. రెండు చేతులతో, రెప్పపాటులో, నిద్రమత్తులో ఆపగలరా? జిమ్‌కెళ్ళేవాళ్ళు కూడా ఆపలేరు. ఇంకోలా చెప్పాలంటే ఆ వేగంతో గుద్దుకోవడం, మూడంతస్తుల డాబా మీద నుంచి పడటం ఒకటే. మాది గుద్దుకోవడం కూడా కాదు, ఉత్త బ్రేకు. బ్రేకులో మహా అయితే ఏడు కిలోల లాగుడు ఉంటుంది. అదే ఆపలేకపోయా.

అంతకు నాలుగు నెలల ముందే, 2022 సెప్టెంబర్ 4న, పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయారు. వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. టీవీలన్నీ వెనక బెల్టు గురించే మాట్లాడాయి. నేను కూడా స్టేటస్ పెట్టా. స్టేటస్ పెట్టిన చేతులతోనే సీటు డిక్కీలో పెట్టా.

సరే, డాలస్ వెళ్ళే ఫ్రెండ్ ప్రశ్నకొద్దాం. సీటు ఎక్కడ కొనాలి?

ఏ దేశంలో కారెక్కుతారో ఆ దేశం సీటు కావాలి. ఇది చాలామందికి తెలియదు. అమెరికా సీట్లకి వాళ్ళ ప్రమాణం వేరు, యూరప్ సీట్లకి ఆర్ 44, ఆర్ 129 అని వేరే ప్రమాణాలు, ఆస్ట్రేలియాకి ఇంకొకటి. ఇక్కడ కొన్న సీటు మంచిదే కావచ్చు, కానీ అమెరికా ముద్ర లేకపోతే అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆస్ట్రేలియాలో అయితే బయటి దేశం సీటు వాడటమే నేరం. కాబట్టి మీరు వెళ్ళేలోపు అక్కడున్న బంధువుతోనో ఫ్రెండ్‌తోనో కొనిపించి, ఎయిర్‌పోర్ట్‌కి కారులో బిగించి తీసుకురమ్మనండి. పచ్చళ్ళ లిస్టు కన్నా ముందు ఆ మెసేజ్ పెట్టండి.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "సీటు ఫ్రీగా ఇస్తాం" అని వస్తుంటాయి. అన్నీ చెడ్డవి కావు, కానీ తెలిసినవాళ్ళదైతేనే తీసుకోండి. సీటుకి ఎక్స్‌పైరీ ఉంటుంది, అడుగునో వెనకో అచ్చు వేసి ఉంటుంది. పెద్ద యాక్సిడెంట్ చూసిన సీటు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ప్లాస్టిక్ ఎక్కడ చిట్లిందో మనకి తెలియదు.

పసిపిల్లల సీటు కారు వెనక వైపుకి తిరిగి ఉండాలి. "పిల్లకి రోడ్డు కనిపించదు కదా" అని అమ్మ బాధ. పసిపిల్లలకి తల పెద్దది, పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే. మెడ ఇంకా లేతగా ఉంటుంది. ముందుకి తిరిగి ఉంటే గుద్దినప్పుడు ఒళ్ళు బెల్టుకి ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి విసురుగా పోతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ దెబ్బంతా వీపు మొత్తం మీద పరుచుకుంటుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో రెండేళ్ళ దాకా ఇది చట్టం. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2018 నుంచి చెప్తున్నది ఏంటంటే, వయసు కాదు, ఆ సీటు పట్టినంత ఎత్తూ బరువూ వచ్చేదాకా వెనక్కే ఉంచండి అని. కాళ్ళు మడత పడితే పడనివ్వండి, పిల్లలు బాసింపట్టు వేసుకుని హాయిగానే ఉంటారు. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా మాత్రం ఈ సీటు పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా పాప తల వెనకే కొడుతుంది.

బెల్టు ఎంత బిగించాలి? భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్టు. అమెరికా సీట్లలో ఛాతీ మీద క్లిప్ ఉంటుంది, అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీద కాదు. ఇక చలికాలం. మనవాళ్ళు డిసెంబర్‌లో దిగుతారు, పాపకి దూది బస్తా లాంటి జాకెట్ వేస్తారు, దాని మీద బెల్టు పెడతారు. గుద్దినప్పుడు ఆ దూదంతా నలిగిపోయి పాపకీ బెల్టుకీ మధ్య ఖాళీ వచ్చేస్తుంది. పల్చటి బట్టల మీద బెల్టు బిగించి, ఆ పైన దుప్పటి కప్పండి. అమ్మమ్మలు చుట్టే పొత్తిగుడ్డలకీ ఇదే మాట, బెల్టు పైన కప్పుకోవచ్చు, కింద కాదు.

టాక్సీల సంగతి దేశానికో రకం. బ్రిటన్‌లో టాక్సీవాడి దగ్గర సీటు లేకపోతే మూడేళ్ళలోపు పిల్లల్ని వెనక సీట్లో సీటు లేకుండా తీసుకెళ్ళొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది గానీ, నేను లెక్కేసిన 126 కిలోలు ఒప్పుకోవు కదా. దుబాయ్‌లో ఉన్నవాళ్ళకి, యూఏఈలో 2017 నుంచి నాలుగేళ్ళలోపు పిల్లలకి సీటు తప్పనిసరి.

ఇప్పుడు రివర్స్‌లో. అక్కడ్నుంచి సీటు తెచ్చుకునే అక్కయ్యలూ అన్నయ్యలూ, ఇది మీకోసం. చాలా విమానాల్లో పసిపిల్లల సీటుని లగేజీలో ఉచితంగానే తీసుకుంటారు, టికెట్ తీసేముందు అడగండి. కానీ ఒక తిరకాసు ఉంది, ఇది నేను ఆ సంక్రాంతి తర్వాతే తెలుసుకున్నా. అమెరికా కార్లలో వెనక బెల్టుని పూర్తిగా బయటికి లాగి వదిలితే టకటకమని లాక్ అవుతుంది. వాళ్ళ సీట్లు దాని మీద ఆధారపడతాయి. మన కార్ల బెల్టుల్లో చాలావాటికి ఆ లాక్ లేదు, గట్టిగా కుదిపితేనే ఆగుతాయి. అంటే సీటు బిగించినట్టే ఉంటుంది, పట్టుకుని లాగితే ఊగుతుంది. సీటులోనే బెల్టు నొక్కిపట్టే లాక్ ఉన్నది తెచ్చుకోండి, లేదంటే ఐసోఫిక్స్ కొక్కేలున్న కారు మాట్లాడుకోండి. ఈమధ్య వచ్చిన కార్లలో ఉంటున్నాయి, సీటు మడతలో చెయ్యి పెడితే ఇనప కడ్డీలు తగులుతాయి. బిగించాక బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపండి. ఒక అంగుళం కన్నా కదలకూడదు.

దారిలో రెండు గంటలకోసారి ఆపి పాపని బయటికి తియ్యండి. పసిపిల్లలు ఆ సీట్లో ఎక్కువసేపు నిద్రపోతే గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి ఇబ్బంది అవుతుంది. ఇంటికొచ్చాక "నిద్రపోతోంది కదా, లేపడమెందుకు" అని సీటులోనే వదిలెయ్యకండి. టీ కోసం ఆపినా పాపని కారులో ఉంచి దిగొద్దు. మూసిన కారు పది నిమిషాల్లోనే పది పదకొండు డిగ్రీలు వేడెక్కుతుంది. అమెరికాలో ఏటా సగటున 37 మంది పిల్లలు ఇలా పోతున్నారు. మే నెల తెనాలిలో ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

"ఇవన్నీ అమెరికా రూల్స్ బ్రో" అని కామెంట్ పెట్టేవాళ్ళ కోసం ఒక మాట. 2019లో మార్చిన మన మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఒక సెక్షన్ ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయలు ఫైన్. బైక్ మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకి హార్నెస్, హెల్మెట్, 40 దాటని వేగం అని 2023 ఫిబ్రవరి 15 నుంచి రూల్ ఉంది. మా ఊళ్ళో ఎవరికైనా వేశారా అంటే నేనైతే చూడలేదు. గోవాడ తిరునాళ్ళకి ఒక బండి మీద ఐదుగురు వెళ్ళడం మాత్రం చూశా, అందులో చిన్నది ట్యాంకు మీద.

ఈ డిసెంబర్‌లో అక్క మళ్ళీ వస్తోంది, ఈసారి ఇద్దరితో. రెండోవాడికి ఐదు నెలలు. పోయినవారం ఆ డ్రైవర్ అన్నకే ఫోన్ చేశా. "అన్నా, ఆ బకిల్స్..." అన్నానో లేదో, "ఆ రోజు పాపకి తగిలింది కదా సార్, గుర్తుంది" అన్నాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. సీటు కవర్‌ని కత్తెరతో అడ్డదిడ్డంగా కోసేశాడు, మూడు బకిల్స్ బయటికొచ్చి ఉన్నాయి. ఫొటో ఇప్పుడు స్క్రీన్ మీద వేస్తున్నా, చూడండి. ఉంటా మరి.