మూలనపడ్డ బండి: ముందు కాగితం, తరువాత బ్రేకు, చివరకు ఇంజను

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "విశ్రాంత జీవితంలో ఒక వ్యాపకం". నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు తోటపని గురించీ, యోగాసనాల గురించీ చక్కగా చెప్పారు. నేను 34 సంవత్సరాలు ఫైళ్లు రాసిన గుమాస్తాను. ఒక పాత కారును బాగుచేయించిన వైనం చెబుతాను. మీలో చాలామంది ఇళ్లలో తండ్రిగారిదో, మామగారిదో ఒక బండి పాత దుప్పటి కింద పడి ఉండే ఉంటుంది. అందుచేత ఇది నా ఒక్కడి సొద కాదని మనవి.

కారు మా పెద్దన్నయ్యగారిది. ఆయన అమలాపురం దగ్గర ఒక పల్లెలో వైద్యం చేసేవారు. బండి 1972 మోడలు అంబాసిడర్ మార్క్ టూ. ఆ రోజుల్లో కారు కొనాలంటే చేతిలో సొమ్ముంటే చాలదు, పేరు నమోదు చేయించుకుని సంవత్సరాల తరబడి ఎదురుచూడాలి. 1489 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందు సీటులో ముగ్గురు, వెనుక ఎందరు పడితే అందరు! యెదుర్లంక వంతెన రాకముందు గౌతమి పాయను పంటు మీద దాటించి ఆ కారును కాకినాడ తీసుకుపోయేవారు. పురిటి మనుషులు, పాముకాటు రోగులు, పెళ్లికూతుళ్లు అందరూ ఎక్కిన బండి అది. 1996 నవంబరు తుఫాను తరువాత, రోడ్డుకు అడ్డం పడిన కొబ్బరిచెట్లను నరికించుకుంటూ అన్నయ్య మందులపెట్టెతో తిరిగింది ఆ కారులోనే.

2003లో అన్నయ్య కాలం చేశారు. షెడ్డులో పెట్టిన బండి 21 సంవత్సరాలు కదలలేదు. 2024లో ఇంటికి మరమ్మతులు చేయిస్తూ షెడ్డు తీసివేయవలసి వచ్చింది. పాత ఇనుము వ్యాపారి వచ్చి కిలోల లెక్కన బేరం పెట్టాడు. పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్నారు. ఫోనులో "అమ్మా, ఇచ్చెయ్యి" అన్నారు. వారి మాటలో న్యాయం లేదని నేననను. వదినగారికి 80 దాటాయి. నన్ను పిలిపించి, "అబ్బాయీ, నడిచే స్థితిలో ఉంటే నడిపిద్దాం. లేదంటే పద్ధతిగా సాగనంపుదాం. ఇలా చావకుండా బతకకుండా పడి ఉండటం నేనింక చూడలేను" అన్నారు. తన డిపాజిట్టులో లక్షన్నర విడిగా పెట్టారు. అది దాటితే ఆపేయాలని ఇద్దరం ముందే అనుకున్నాం. అది ఆమె ముసలితనానికి దాచుకున్న సొమ్ము. నాకు భయం వేసింది ఇంజను గురించి కాదు, ఆ లక్షన్నర గురించి.

మొదటిది కాగితం

పాత బండి అనగానే అందరూ ముందు బానెట్టు ఎత్తుతారు. నేను బీరువా తెరిచాను. కాగితం లేని బండి ఎంత బాగా నడిచినా అది షెడ్డులో బొమ్మే.

ఆర్.సి. అన్నయ్య పేరున ఉంది. యజమాని మరణిస్తే 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలలలోగా 31వ నంబరు ఫారంలో వారసుల పేరుకు మార్పించుకోవాలని నిబంధన. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇది ఎవరికి గుర్తుంటుంది? ఆలస్యమైనా దారి మూసుకుపోదు. మరణ ధృవీకరణ పత్రం, వారసుల పత్రం, పిల్లలిద్దరి నుంచి నిరాక్షేపణ పత్రాలు జతచేశాం. పాత రిజిష్టరులోని బండి వివరాలు కంప్యూటరులోకి ఎక్కలేదు కాబట్టి ముందు ఆ నమోదు చేయించుకోవలసి వచ్చింది. నాలుగు నెలలు పట్టింది. మనకు ఫైలు నడక తెలుసు గనుక ఓపిక పట్టాం.

తరువాత రెండు దారులున్నాయి. మామూలు రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరాలకు, ఆపై తనిఖీ చేసి అయిదేసి సంవత్సరాలకు పొడిగిస్తారు. రెండవది, 2021 జులైలో కేంద్రం తెచ్చిన ‘వింటేజ్’ నిబంధనలు. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపం పెద్దగా మార్చని బండ్లకు ఇది వర్తిస్తుంది. అది 10 సంవత్సరాలు చెల్లుతుంది. కాని అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. వదినగారికి ప్రదర్శనతో పని లేదు, అంతర్వేది వెళ్లిరావాలని కోరిక. అందుకే మామూలు దారే పట్టాం. మేము కట్టినప్పుడు పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలు, ఆలస్య రుసుము వేరే. 2025 ఆగస్టు ఉత్తర్వుతో 20 సంవత్సరాలు దాటిన కార్లకు అది 10,000 అయింది. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు మామూలే. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం లేదా, బండికీ అంతే!

రెండవది బ్రేకు

మెకానిక్కు అరవై దాటిన మనిషి, అంబాసిడర్ల మీదే చేయి తిరిగినవాడు. ఆయన మొదట చెప్పిన మాట: "బాబుగారూ, ఇంజను ఆగితే బండి నిలుస్తుంది, బ్రేకు ఆగితే బండి నిలవదు."

బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సంవత్సరాల తరబడి నిలవ ఉంటే ఆ తేమతో సిలిండర్లు లోపల తుప్పు పడతాయి, రబ్బరు కప్పులు బిగుసుకుపోతాయి. పాత అంబాసిడర్లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే మాస్టరు సిలిండరు, ఒకే దారి. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండు బ్రేకే. అందుచేత మాస్టరు సిలిండరు, చక్రాల సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు మొత్తం మార్పించాం. "పైకి బాగానే కనిపిస్తున్నాయి కదా" అని ఒక్కటి కూడా వదలలేదు.

టైర్లూ అంతే. గీతలు అరగకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడి చీలుతుంది. 2000 నుంచి వచ్చిన టైర్ల పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మూడంకెలే ఉంటే అది అంతకు ముందుదని అర్థం. మావన్నీ మూడంకెలవే! అయిదూ మార్చాం.

మూడవది ఇంజను

ఇక్కడే తొందరపాటు కొంప ముంచుతుంది. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే, తుప్పుతో పట్టేసిన పిస్టను రింగులు విరగవచ్చు, సిలిండర్లు గీసుకుపోవచ్చు. మా మెకానిక్కు నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొంచెం నూనె పోసి వారం రోజులు వదిలేశాడు. ఆ తరువాత ముందు వైపు హ్యాండిలు పెట్టి చేత్తో మెల్లగా కదిపాడు. మొదటి రోజు కదలలేదు, బలవంతం చేయలేదు. మళ్లీ నూనె పోశాడు. మూడవ రోజు కదిలింది.

పాత ఇంజనాయిలు తీసి కొత్తది పోశారు. ప్లగ్గులు లేకుండానే ఇంజనును తిప్పి, నూనె పైదాకా ఎక్కినట్టు మీటరు చూపించాకే ప్లగ్గులు బిగించారు. రేడియేటరు కడిగి, గొట్టాలు మార్చారు. కోనసీమ చెమ్మకు క్లచ్చి ప్లేటు అతుక్కుపోయింది, దాన్ని విడదీశారు. ఎలుకలు కొరికిన వైర్లు తీసి కొత్తవి వేశారు.

ఇక పెట్రోలు. 21 సంవత్సరాల పెట్రోలు జిగురుగా మారి, కార్బురేటరు రంధ్రాలు పూడ్చేసింది. ట్యాంకు దింపి కడిగించాం. నేడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటుంది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాలుకు తట్టుకునే రకం వేయించాలి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకూడదు. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ట్యాంకు వాడకుండా చిన్న డబ్బా నుంచి పెట్రోలు ఇచ్చి, పక్కనే మంటలార్పే సిలిండరు పెట్టుకున్నాం.

హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 మేలో ఉత్తర్‌పారా కర్మాగారం ఆపేశారు. అయినా ఈ బండి సామాను కలకత్తా మల్లిక్ బజారులో దొరుకుతోంది, మెకానిక్కు తెప్పించాడు.

ఖర్చు, ఫలితం

అంతా కలిపి లక్షా 38 వేలయింది. రంగు వేయించలేదు, సీట్లు కుట్టించలేదు. అది సోకు, అవసరం కాదని వదినగారే ఆపారు. ఇంజను అందుకున్నప్పుడు ఆమె బయటకు రాలేదు. వంటింట్లోంచే విని, "అన్నయ్యగారి హారను కూడా కొట్టించు" అన్నారు. అంతర్వేది వెళ్లివచ్చాం. సంక్రాంతికి పెద్దబ్బాయి వచ్చాడు. విదేశంలో పెద్ద కార్లు నడిపేవాడు, ఈ గేరు రాడ్డు ముందు గంటసేపు చెమటలు కక్కాడు! వెళ్లేముందు "అమ్మా, దీన్ని అమ్మకండి" అన్నాడు. ఆర్.సి.లో నామినీ పేరు రాయించే వీలు 2021లో వచ్చింది. వదినగారు అతని పేరే రాయించారు.

మనవి

ప్రతి పాత బండినీ బతికించమని నేను చెప్పడం లేదు. ఛాసిస్ పుచ్చిపోతే, లేదా మీ పింఛను గీత దాటితే ఆపేయండి. అప్పుడు కూడా దారిన పోయే ఇనుము వ్యాపారికి ఇచ్చి ఊరుకోవద్దు. ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికి అప్పగించి, సర్టిఫికెట్టు తీసుకుని, ఆర్.సి. రద్దు చేయించండి. లేకపోతే ఆ నంబరుతో జరిగే ప్రతిదానికీ రికార్డులో మీ పేరే ఉంటుంది.

బతికించదలిస్తే మాత్రం ఖర్చుకు హద్దు ముందు గీయండి. కాగితం, బ్రేకు, ఇంజను అనే వరుస తప్పకండి. అన్నింటికంటే ముఖ్యం, మీ పేరున ఉన్న బండి కాగితాలు మీరుండగానే సరిచేసి, నామినీ రాయించండి. మన తరువాత మనవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. ఆ తిరుగుడు ఎలాంటిదో మనకంటే ఎవరికి తెలుసు?